మెల్లగా పాడిన మహానటుడు: చిత్తూరు వి. నాగయ్య

మన స్టేషన్ ఘన్‌పూర్‌కు ఎంతో దూరం లేదు బమ్మెర గ్రామం. పాలకుర్తి పరిసరాలలోని ఆ పల్లె పేరే ఆంధ్ర మహాభాగవత కర్త పోతనామాత్యుని ఇంటిపేరు. పోతన ఎట్లుండెడివాడో చెప్పగల చిత్తరువు ఏదియు ఆయన కాలం నుండి మనకు దక్కలేదు. అయినను పాత తరం తెలుగువారిని కన్నులు మూసుకొని పోతనను తలచుకొమ్మంటే వారి మనస్సులో ఒక రూపం నిలుస్తుంది. ప్రశాంతమైన ముఖం, అరమోడ్పు కన్నులు, బిగ్గరగా పలుకని గొంతు. ఆ రూపం పోతనకు దాదాపు నాలుగున్నర శతాబ్దాల తరువాత పుట్టిన ఒక నటునిది. ఆయనయే చిత్తూరు వి. నాగయ్య. త్యాగరాజును తలచుకొన్నను, వేమనను తలచుకొన్నను ఆ ముఖమే ఎదుట నిలుచుట మరింత విచిత్రం.

పేరులో చిత్తూరు ఉన్నను నాగయ్యగారు పుట్టినది గుంటూరు జిల్లా రేపల్లెలో, 1904 మార్చి 28వ తేదీన. ఇంటిపేరు ఉప్పలదడియం. తండ్రి రామలింగశర్మ, తల్లి వెంకటలక్ష్మాంబ. బాల్యము, విద్యాభ్యాసము కుప్పం, చిత్తూరు ప్రాంతాలలో జరిగినవి. పెంచిన ఊరు కన్న ఊరి కంటె గట్టిగా పేరును పట్టుకొన్నది. చిత్తూరు ప్రాంతం తెలుగు, తమిళ, కన్నడ దేశాలు మూడును కలిసే చోటు. అక్కడి పిల్లవాడు వీధిలో మూడు భాషలు విని పెరుగుతాడు. మున్ముందు రెండు మూడు భాషల చిత్రాలలో తడబాటు లేక నటించుటకు ఆ వీధులే ఆయనకు తొలి పాఠశాల అయి ఉండవచ్చును.

ఆ రోజులలో చిత్తూరులో నాటక సమాజాలు చురుకుగా ఉండెడివి. రామవిలాస సభ వాటిలో పేరు పొందినది. సంగీతం నేర్చిన కుర్రవాడు, చూడ చక్కనివాడు, గొంతు కలవాడు. అట్టి వానికి ఆ కాలంలో మొదట దొరికేవి స్త్రీ పాత్రలే. నాగయ్యగారు సారంగధర నాటకంలో చిత్రాంగి వేషం కట్టి మెప్పు పొందినారు. సవతి కొడుకును మోహించి, నిందవేసి, అతని కాలుసేతులు తెగవేయించిన రాణి పాత్ర అది. జీవితమంతా సాధుపుంగవుల పాత్రలకు పేరుపడిన నటుడు తొలినాళ్లలో చప్పట్లు కొట్టించుకొన్నది అటువంటి పాత్రతోనని నేటి విద్యార్థులకు తెలియకపోవచ్చును.

ఇక్కడ నాటి రంగస్థలం సంగతి కొంత చెప్పవలసి ఉన్నది. ఇప్పటి విద్యార్థి ధ్వనివర్ధకం లేని సభను ఊహించలేడు. కళాశాల వార్షికోత్సవానికి తెర కట్టకముందే మైకు వస్తుంది. 1920 ప్రాంతపు నాటకశాలలో నటునికి ఉన్న ధ్వనియంత్రం అతని గుండెయే. కిరసనాయిలు దీపాల వెలుగులో, కాలితో తొక్కే హార్మోనియం శ్రుతిమీద, చిట్టచివరి నేల తరగతి ప్రేక్షకునికి కూడ పద్యం అక్షరమక్షరం వినిపించవలెను. కనుక పద్యం ఎత్తుకొనుటయే తారస్థాయిలో ఎత్తుకొనేవారు. చివరి పాదం మీద రాగం సాగదీసి, సాగదీసి, సభ వన్స్‌మోర్ అని కేకలు వేసే దాక విడిచేవారు కారు. చనిపోయి పడియున్న పాత్రధారి లేచి, పద్యం మరల పాడి, మరల చనిపోయిన సంఘటనలను పెద్దలు ఇప్పటికిని నవ్వుతూ చెప్పుకొంటారు. ఇందులో వారిని తప్పుపట్టవలసినది లేదు. వినిపించని పద్యం ఎంత భావయుక్తమైనను వ్యర్థమే కదా.

నాగయ్యగారు ఆ విద్యలోనే ఆరితేరినారు. అయితే జీవితం ఆయనను నాటకాలకే వదలలేదు. కొంతకాలం గుమాస్తా ఉద్యోగం చేసినారు. ఆంధ్రపత్రికకు విలేఖరిగా పనిచేసినారు. 1930 ప్రాంతంలో జాతీయోద్యమపు గాలి దేశమంతటా వీచినప్పుడు గాంధీ, నెహ్రూల ప్రభావంలో పడి ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొన్నారు. గ్రామఫోను రికార్డులకు పాడినారు. ఇంటిలో మాత్రం కష్టం మీద కష్టం వచ్చిపడినది. భార్యావియోగ దుఃఖం సహింపలేక తిరువణ్ణామలై వెళ్లి కొంతకాలం రమణాశ్రమంలో గడిపినారు. తరువాతి కాలంలో ఆయన తెరమీద చూపిన వైరాగ్యం అక్కడ అంకురించినదని పలువురి అభిప్రాయం. తెరమీది శాంతమంతయు ఆశ్రమం నుండి వచ్చినదని తేల్చిచెప్పుట కష్టమే గాని, దుఃఖమెరుగని ముఖంలో ఆ శాంతం కుదరదన్నది నిజం.

1938లో హెచ్. ఎం. రెడ్డిగారు రోహిణి సంస్థ తరఫున గృహలక్ష్మి చిత్రం తీసినారు. కన్నాంబ, కాంచనమాల ముఖ్య పాత్రలు. అందులో సంఘసంస్కర్త వంటి పాత్ర నాగయ్యగారికి దక్కినది. మద్యపానాన్ని ఖండిస్తూ ఆయన పాడిన పాట ఊరూర మారుమ్రోగినది. అప్పటికి ఆయన వయస్సు 34. కథానాయకుని వయస్సు దాటిపోయిందనుకొనే ప్రాయంలో ఆయన సినీ జీవితం మొదలైనది.

సినిమాకు వచ్చిన రంగస్థల నటులు అప్పటికే పెక్కుమంది ఉన్నారు. తెలుగు టాకీ భక్తప్రహ్లాదతో 1932లో ప్రారంభమైనది. తొలి సంవత్సరాల చిత్రాలన్నియు నాటకాలకు ఛాయలే. నటులు కెమెరా ముందు నిలబడి, చివరి వరుస ప్రేక్షకుడు ఎదుటనున్నట్లే గొంతెత్తి పాడినారు. పాట అప్పటికప్పుడే పాడవలెను. వాద్యబృందం చెట్టు చాటుననో తెర వెనుకనో కూర్చుండేది. ఒక్కరు శ్రుతి తప్పినను ఆ దృశ్యమంతా మరల తీయవలసినదే.

మైక్రోఫోను తత్త్వం వేరు. గాలిలోని కంపనాన్ని అది విద్యుత్ ప్రవాహంగా మారుస్తుంది. ఆ విద్యుత్తు ఒక దీపకాంతిని హెచ్చుతగ్గులు చేస్తుంది. ఆ కాంతి ఫిల్ము అంచున సన్నని చారగా ముద్రితమవుతుంది. ప్రదర్శనశాలలో ఆ చార గుండా కాంతిని పంపి, ఫొటో ఎలక్ట్రిక్ సెల్ ద్వారా తిరిగి విద్యుత్తుగా, విద్యుత్తును తిరిగి ధ్వనిగా మార్చెదరు. మన భౌతికశాస్త్ర విద్యార్థులకు ఇది తెలిసిన పాఠమే. ఇందలి విశేషమేమనగా, ఆ యంత్రానికి కేక అవసరం లేదు. కేకవేస్తే అది వికృతంగా పలుకుతుంది. నటుడు నిట్టూర్చినను పట్టుకొంటుంది, పెదవి తడుపుకొన్నను పట్టుకొంటుంది. వెయ్యి మందికి వినిపించుట అను భారం నటుని గుండెమీద నుండి తొలగి ఆంప్లిఫయరు మీద పడినది. అమెరికాలో బింగ్ క్రాస్బీ మొదలైనవారు ఈ రహస్యం గ్రహించి చెవిలో చెప్పినట్లు పాడి ప్రసిద్ధులైనారు. మన దేశంలో కలకత్తా న్యూ థియేటర్స్ చిత్రాలలో కుందన్‌లాల్ సైగల్ గాలిబ్ గజళ్లను పాడిన తీరు ఉర్దూ మిత్రులకు వేరే చెప్పనక్కరలేదు. తెలుగులో ఆ రహస్యాన్ని తొలితరంలోనే పట్టుకొన్నవారిలో నాగయ్యగారిని ముందు చెప్పవలెను.

ఆశ్చర్యమేమనగా ఆయన బిగ్గరగా పాడలేక మెల్లగా పాడినవారు కారు. తారస్థాయి పద్యం ఆయనకు కొట్టినపిండి. పదిహేనేండ్లు కష్టపడి సంపాదించిన విద్యను, చప్పట్లు తెచ్చిపెట్టిన విద్యను, పక్కన పెట్టవలెనంటే మనిషి తనను తాను ఎంత అదుపులో పెట్టుకొనవలెనో! ఎందరో గొప్ప రంగస్థల గాయకులు ఆ పని చేయలేక సినిమాలో నిలువలేకపోయినారు. నాగయ్యగారు రాగాన్ని కుదించినారు. పద్యాన్ని ప్రదర్శనగా కాక, పాత్ర తనలో తాను అనుకొంటున్న మాటగా పలికినారు. శాస్త్రీయ సంగీతజ్ఞుడైనందున ఎంత కుదించినను రాగస్వరూపం చెడలేదు.

గృహలక్ష్మి తరువాత బి. ఎన్. రెడ్డిగారు మూలా నారాయణస్వామిగారి తోడ్పాటుతో వాహినీ సంస్థను స్థాపించినారు. నాగయ్యగారి ఉత్తమకృషి చాలవరకు అక్కడ జరిగినది. 1939లో వందేమాతరం, 1940లో సుమంగళి, 1941లో దేవత. మూడును సాంఘికాలే. నిరుద్యోగం, వరకట్నం, వితంతు వివాహం, మోసపోయిన పనిపిల్ల మొదలైన సమకాలిక సమస్యలు వాటి కథావస్తువులు. నటనతోపాటు సంగీత నిర్వహణ కూడ ఆయనదే. ఈ సంగతి తరచు మరుగున పడుచున్నది. నాటక బాణీలను తెచ్చి సినిమాకు అతికించే పద్ధతి పోయి, సన్నివేశానికి తగిన పాట, పాటకు తగిన వాద్యసమ్మేళనం అనే ఆలోచన తెలుగులో స్థిరపడుటకు ఆ వాహినీ చిత్రాలు దోహదం చేసినవి. 1945 నాటి స్వర్గసీమకు ఓగిరాల రామచంద్రరావుగారితో కలిసి సంగీతం కూర్చినారు. అందులో భానుమతి పాడిన పావురం పాట నేటికిని వినబడుచున్నది. ఘంటసాల వెంకటేశ్వరరావుగారి నేపథ్యగానానికి కూడ ఆ చిత్రమే తొలిమెట్టు.

భక్తపోతన రెండవ ప్రపంచయుద్ధకాలపు చిత్రం. జపాను విమానాల భయంతో మద్రాసు నగరం సగం ఖాళీ అయిన రోజులవి. దర్శకుడుగా కె. వి. రెడ్డిగారికి అది మొదటి చిత్రం. కృతిని నరాంకితం చేయనొల్లక హలం పట్టిన కవిని నాగయ్యగారు అభినయించిన తీరు చూచి దక్షిణదేశమంతయు మురిసినది. తెలుగు తెలియని పట్టణాలలో కూడ ఆ చిత్రాన్ని ఆదరించినారు. మా ప్రాంతపు పెద్దలు ఆ చిత్రం గురించి చెప్పునప్పుడు నటుని పేరు చెప్పరు, పోతనగారు అనియే అంటారు.

తమిళంలో కూడ ఆయనకు పెద్ద పాత్రలు లభించినవి. 1941లో అశోక్‌కుమార్ చిత్రంలో అశోక చక్రవర్తి. 1945లో మీరా చిత్రంలో ఎం. ఎస్. సుబ్బులక్ష్మి సరసన రాణా. 1950లో కె. రామ్‌నాథ్ దర్శకత్వంలో విక్టర్ హ్యూగో నవల ఆధారంగా తీసిన బీదలపాట్లులోను, దాని తమిళరూపంలోను, రొట్టె దొంగిలించి చెరసాల పాలైన అభాగ్యుని పాత్ర. పోతనకు, ఆ ఫ్రెంచి ఖైదీకి పోలిక లేదు. అయినను రెండును ఒకే గొంతులో ఒదిగినవి.

ఇక త్యాగయ్య. 1946లో రేణుకా ఫిలింస్ పేరిట నాగయ్యగారు స్వయంగా నిర్మించి, దర్శకత్వం వహించి, సంగీతం కూర్చి, నాయకపాత్ర ధరించిన చిత్రం ఇది. త్యాగరాజస్వామి (1767–1847) తమిళదేశంలోని తిరువయ్యూరులో నివసించి తెలుగులో కృతులు రచించిన మహనీయుడు. ఆయన కృతులను అప్పటికి కచేరీ విద్వాంసులు తమ పాండిత్యాన్ని జోడించి, సంగతుల మీద సంగతులు వేసి పాడుచుండిరి. నాగయ్యగారు వాటిని సామాన్యుని ముంగిటికి తెచ్చినారు. పూజగదిలో ఒంటరిగా కూర్చున్న భక్తుడు తన రామునితో మాటలాడుకొన్నట్లు పాడినారు. ఆ పాటలను ఆ స్థాయిలో వినిపించుట మైక్రోఫోను లేనిచో సాధ్యం కాదు. ఇందుకే ఆయనను యంత్రయుగపు సంగీతకారుడని నేను భావిస్తాను. యంత్రాన్ని చూపించుకొన్నవారు కొల్లలు. అది ఉన్నదన్న సంగతియే మరపించినారు ఆయన.

చిత్రకళ దృష్టితో చూచినచో త్యాగయ్యలో లోపాలు లేకపోలేదు. కథ పాట నుండి పాటకు అడుగువేస్తూ నడుస్తుంది. కొన్ని సన్నివేశాలలో దర్శకుడు ఇంకను నాటకశాలలోనే ఉన్నట్లు తోచును. కె. వి. రెడ్డిగారి చేతిలోని బిగువు ఇందులో లేదు. కాని ప్రజలు ఈ లెక్కలు వేసుకొనలేదు. వీధిలో నాగయ్యగారు ఎదురైతే పాదాలకు నమస్కరించిరి. మరుసటి సంవత్సరం, 1947లో, కె. వి. రెడ్డిగారి యోగివేమనతో ఆ గౌరవం ఇంకను పెరిగినది. భోగి వేమన విరాగియై మారు ఘట్టాలు నాగయ్యగారి నటనలో శిఖరమని నా అభిప్రాయం. త్యాగయ్య కంటె ఆ చిత్రమునే నేను పైమెట్టున ఉంచుతాను.

ఆ నాళ్లలో దక్షిణదేశంలో అత్యధిక పారితోషికం పొందే నటులలో ఆయన ఒకరు. మద్రాసులో ఆయన ఇల్లు సత్రం వలె ఉండెడిది. అవకాశం కొరకు వచ్చిన కళాకారుడు, చదువుకు సొమ్ములేని విద్యార్థి, కూతురి పెండ్లి అని వచ్చిన బంధువు, బంధువునని చెప్పుకొని వచ్చిన అపరిచితుడు, అందరికిని అక్కడ భోజనం ఉండేది. అడిగినవానికి లేదనలేదు. లెక్కలు చూచుకొనలేదు. 1953లో తెలుగు, తమిళ భాషలలో నా ఇల్లు నిర్మించి దర్శకత్వం వహించినారు. అది ఆశించిన ఫలితమివ్వలేదు. ఇంటిని గురించి చిత్రం తీసిన మనిషి క్రమంగా తన ఇంటిని నిలుపుకొనలేని స్థితికి వచ్చినారు.

సంపదను తృణీకరించిన పోతన, త్యాగయ్య, వేమనల పాత్రలు వరుసగా ధరించి ఆయన వారివలె మారినారని కొందరు కొనియాడెదరు. సినిమా వ్యాపారం తెలియక చెడినారని మరికొందరు ఆక్షేపించెదరు. రెండును సగం సగం నిజాలే. త్యాగరాజుకు ఉంఛవృత్తి చాలినది, ఆయనకు స్టూడియో అద్దెలు లేవు, అప్పులవారు లేరు. ఇరవయ్యవ శతాబ్దంలో చిత్రనిర్మాణమను లక్షల వ్యాపారాన్ని చేపట్టి సాధువు మనస్సుతో నడిపించబోయిన మనిషి నష్టపడక తప్పదు. ఆయన చేతి అన్నం తిని పైకి వచ్చినవారిలో ఆయనకు కష్టం వచ్చిన రోజున ఎందరు వెనుదిరిగి చూచినారన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్న ఆయన వేయలేదు.

ఈ కష్టదశలోనే ఆయన తలపెట్టిన చివరి పెద్దపని భక్త రామదాసు. 1964లో అది తెరకెక్కినది. మన కళాశాల పాఠకులకు ఇది దగ్గరి కథ. నేలకొండపల్లి కంచెర్ల గోపన్న గోలకొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా (1672–1687) కొలువులో పాల్వంచ పరగణాకు తహసీలుదారు. సుల్తాను మంత్రులైన అక్కన్న మాదన్నలకు మేనల్లుడు. సర్కారు పైకంతో భద్రాద్రిలో ఆలయం కట్టించి, గోలకొండ కోటలో చెరపాలై, ఆ చెరలోనే కీర్తనలు పాడినాడు. అతనిని చెరపెట్టిన తానీషా కూడ చివరకు ఔరంగజేబు చేతికి చిక్కి, దౌలతాబాదు కోటలో ఖైదీగానే కన్నుమూసినాడు. భద్రాచల కల్యాణానికి ప్రభుత్వం పక్షాన ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం తానీషా నాటిదని జనం నమ్మిక. నిజాం కాలంలోను, తదుపరి ప్రభుత్వాలలోను ఆ ఆచారం ఆగలేదు.

రామదాసుకు కబీరు ఉపదేశం చేసినట్లు ఒక గాథ ప్రచారంలో ఉన్నది. చరిత్ర దీనిని ఒప్పుకొనదు. కబీరు రామదాసుకు ఎంతో పూర్వుడు. అయినను కాశీ నేతగానిని భద్రాద్రి తహసీలుదారుకు గురువుగా చేసిన జనుల ఊహలో ఒక సత్యం లేకపోలేదు. నాగయ్యగారు ఆ గాథను విడువక చిత్రంలో చేర్చినారు. కబీరు పాత్ర గుమ్మడి వెంకటేశ్వరరావుగారు ధరించగా, ఆ పాత్ర పాటలకు బొంబాయి నుండి మహమ్మద్ రఫీ గొంతునిచ్చినారు. రామభక్తుని గురువైన కబీరుకు రఫీయే పాడవలెనని కోరుకొన్నది సంగీతం తెలిసిన చెవి, సమత తెలిసిన మనస్సు. రఫీగారి గొంతు కూడ మైక్రోఫోను మర్మమెరిగిన గొంతే. కాని ఆ చిత్రం ఆయన ఆర్థిక స్థితిని చక్కదిద్దలేదు.

తరువాతి కాలమంతా చిన్న పాత్రలు. తండ్రి, తాత, ముని, రాజగురువు. 1963 నాటి లవకుశలో ఆయన ధరించిన వాల్మీకి పాత్ర మాత్రం చిన్నదనుటకు వీలులేదు. కుశలవులకు రామకథ నేర్పునప్పుడు ఆయన ముఖంలో కనబడే వాత్సల్యం ఆ చిత్రానికి ఒక నిండుదనం తెచ్చినది. మిగిలిన అనేక చిత్రాలలో ఆయన రెండు మూడు దృశ్యాలకే పరిమితం. ఒకనాడు తన పేరు మీద చిత్రాలు నడిపించిన నటుడు, ఇచ్చినంత పుచ్చుకొని, చెప్పిన వేళకు వేషం వేసుకొని కూర్చుండేవారు. 1965లో భారత ప్రభుత్వం పద్మశ్రీ బిరుదమిచ్చి సత్కరించినది. బిరుదంతో ఇంటి అద్దె తీరదు గాని, ఆ వార్త విని సంతోషించని తెలుగువాడు లేడు.

1973 డిసెంబరు 30వ తేదీన మద్రాసులో నాగయ్యగారు పరమపదించినారు. వయస్సు 69. చేతిలో మిగిలినది ఏమియు లేదు. తరువాత అభిమానులు, సినీ ప్రముఖులు పూనుకొని త్యాగరాయనగర్‌లో పానగల్ పార్కు సమీపాన ఆయన విగ్రహం నెలకొల్పినారు. ఆ పేట పేరు త్యాగరాజస్వామిది కాదు, జస్టిస్ పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ చెట్టిగారిది. ఆ పార్కు పేరు 1920ల నాటి మద్రాసు ప్రధాని పానగల్ రాజా రామరాయణింగారిది. ఇద్దరును తెలుగువారే. ఈ వివరాలు తెలియని బాటసారులు మాత్రం అక్కడ నాగయ్యగారి విగ్రహం ఉండుట చూచి, పేట పేరు వారు ధరించిన త్యాగయ్య పాత్ర నుండియే వచ్చినదనుకొంటే అందులో వింత లేదు.